రెహమాన్ తొంభైల పాటలు: ఇప్పుడు వరసగా వింటే ఏం వినిపిస్తోంది?

పాతరికార్డు:
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక పని పెట్టుకున్నాను. 1992 రోజా నుంచి 1999 తాళ్ దాకా రెహమాన్ ఆల్బమ్‌లు వచ్చిన వరసలోనే వింటున్నాను, మధ్యలో ఏ పాటా దాటెయ్యకుండా, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అప్పట్లో ఇవన్నీ బస్సుల్లో, కాలేజీ ఫంక్షన్లలో, పెళ్లి పందిళ్లలో చెవిన పడ్డవే గానీ కూర్చుని విన్నది తక్కువ.

నా మాట ముందే చెప్పేస్తాను. రోజా వచ్చినప్పుడు అందరూ "కంప్యూటర్ సంగీతం" అన్నారు, మెచ్చుకున్నవాళ్లూ అదే మాట, తిట్టినవాళ్లూ అదే మాట. ఇప్పుడు వింటే ఆ కంప్యూటర్ భాగమే కాస్త పాతబడింది. కొన్ని డ్రమ్ శబ్దాలు వినగానే ఏ సంవత్సరంవో చెప్పెయ్యొచ్చు. పాతబడనిది గొంతులూ, ఆ గొంతుల చుట్టూ వదిలిన ఖాళీ. "చిన్ని చిన్ని ఆశ" తీసుకోండి. కింద బాస్ ఒక దారిన పోతుంటుంది, దాని మీద రెగ్గే తరహా తాళం, పైన మిన్మిని గొంతు, మధ్యలో ఆ "ఏలేలో" అనే పడవ పాట లాంటి కేక. లెక్కేస్తే ఒక్కోచోట మూడు నాలుగు శబ్దాలకు మించి ఉండవు. అన్నీ విడివిడిగా వినిపిస్తాయి, ఏదీ ఇంకోదాన్ని తొక్కెయ్యదు.

మీకు ఏం వినిపిస్తోంది? ఏ ఆల్బమ్ దగ్గర అసలు మలుపు వచ్చిందంటారు?

గోదారిగట్టు:
మంచి టాపిక్ ఎత్తారు. నా ఓటు రోజాకి కాదు, దొంగ దొంగకి. రోజాలో పాటలు చాలా బావుంటాయి, నేషనల్ అవార్డు కూడా వచ్చింది, కాదనను. కానీ 1993లో ఒకే ఆల్బమ్‌లో "కొంచెం నీరు కొంచెం నిప్పు" లాంటి పాట పెట్టి, దాని పక్కనే "సీతాలు నువ్వు లేక" పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. ఆ రెండో పాటలో అసలు వాయిద్యాలే లేవు కదండీ. అంతా గొంతులే. తాళం కూడా గొంతులే పట్టుకుంటాయి. కంప్యూటర్ అబ్బాయి అని పేరు పడ్డ ఏడాదికే వాయిద్యాలన్నీ పక్కన పెట్టేసి పాట చేశాడు. తమిళంలో అది పాడింది షాహుల్ హమీద్, పాపం 1998లో కారు ప్రమాదంలో పోయారు. ఆయన గొంతులో మట్టి ఉంటుంది, ఆ పాటకి సరిగ్గా అదే కావాలి.

తబలాతరంగం:
పాతరికార్డు గారూ, మీరన్న "ఖాళీ" గురించి ఒక మాట. అది ఊరికే వచ్చింది కాదు, రికార్డింగ్ పద్ధతి నుంచి వచ్చింది. అంతకు ముందు మద్రాసులో పెద్ద స్టూడియో హాల్లో వయొలిన్లు, తబలా, వేణువు, గాయకులు అందరూ ఒకేసారి కూర్చుని, ఒకే టేకులో పాట పూర్తి చేసేవాళ్లు. ఒకరు తప్పితే మళ్లీ మొదటి నుంచి. రెహమాన్ ఆ పద్ధతిని తిరగేశాడు. 1989లో కోడంబాకంలో ఇంటి పెరట్లోనే పంచతన్ అని స్టూడియో కట్టుకున్నాడు. గంటకింత అద్దె అన్న టెన్షన్ లేదు. రాత్రిళ్లు ఒక్కొక్కరినీ పిలిచి, ట్యూన్ ఇచ్చి, నీకు తోచినట్టు కూడా పాడు, వాయించు అని అన్నీ రికార్డు చేసి పెట్టుకుని, తర్వాత అందులోంచి ఏరుకుని పాట కట్టేవాడు. గాయకుడికి కూడా ఫైనల్ పాట ఎలా ఉంటుందో క్యాసెట్ వచ్చాకే తెలిసేదంటే అతిశయోక్తి కాదు.

ఇంకో పేరు చెప్పాలి, హెచ్. శ్రీధర్. సౌండ్ ఇంజినీర్. ఆ శుభ్రత, ఆ లోతు ఆయన చేతిలోంచి కూడా వచ్చింది. 2008లో పోయారు. పాటల చర్చల్లో ఆయన పేరు రావలసినంత రాదు.

రాజాభిమాని:
అందరూ కొత్త కొత్త అంటున్నారు కాబట్టి నా వంతు చెప్పాల్సిందే. 1983 నుంచి 1991 దాకా మణిరత్నం ప్రతి సినిమాకీ సంగీతం ఇళయరాజాదే. గీతాంజలి తెలుగులోనే కదా వచ్చింది. దళపతి 1991. ఆ తర్వాతి ఏడాదే రోజా. అంటే మణిరత్నం పాటల్ని ఎలా తీస్తాడో, ఎక్కడ సంగీతానికి చోటిస్తాడో, ఆ అలవాటంతా రాజా గారి దగ్గర ఏర్పడిందే. రెహమాన్ సిద్ధంగా ఉన్న వాకిట్లోకి వచ్చాడు. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ వాళ్లు శ్రోతల ఓట్లతో ప్రపంచపు టాప్ టెన్ పాటలు పెడితే దళపతిలో పాట నాలుగో స్థానంలో వచ్చింది, మన "చిలకమ్మా చిటికెయ్యంట". రెహమాన్ "ఛయ్య ఛయ్య" తొమ్మిదో స్థానం. ఓట్ల లెక్క సంగతి పక్కన పెట్టినా, 1991 దాకా ఏమీ లేదు 1992లో సూర్యుడు పుట్టాడు అన్నట్టు రాస్తే బాధేస్తుంది.

పాతరికార్డు:
రాజాభిమాని గారూ, ఆ మాట ఎవరూ అనలేదండీ, నేనసలే అనను. పైగా రెహమాన్ కూడా ఆ గదుల్లోంచి వచ్చినవాడే. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు పనిచేసిన సంగీతజ్ఞుడు, రెహమాన్‌కి తొమ్మిదేళ్లప్పుడే పోయారు. ఆ తర్వాత కుర్రాడు కీబోర్డు పట్టుకుని రాజా గారి దగ్గరా, మన రాజ్-కోటి దగ్గరా, ఇంకా చాలామంది దగ్గరా వాయించాడు. దాంతోపాటు బ్యాండ్లు, యాడ్ జింగిల్స్. ఆ జింగిల్స్ పాఠం నాకు రోజాలో చాలా వినిపిస్తుంది. అర నిమిషంలో చెవిని పట్టుకోవాలి కదా యాడ్ అంటే. ఆయన పాటల మొదటి ఐదారు సెకన్లు విని చూడండి, ఏ పాటో అక్కడే తెలిసిపోతుంది.

కోదాడకుర్రాడు:
నేను పుట్టిందే 1996లో, ప్రేమదేశం వచ్చిన ఏడాది 🙂 మా ఇంట్లో అక్కావాళ్ల క్యాసెట్లతో పెరిగాను కాబట్టి వాళ్లకంటే పదేళ్లు లేటుగా ఈ పాటల్లో పడ్డాను. నాకు మలుపు అంటే బొంబాయి. "కన్నానులే" మొదటిసారి పెద్ద స్పీకర్లో విన్నప్పుడు ఆ కోరస్ గొంతులూ చప్పట్లూ మధ్యలోంచి చిత్ర గారు వచ్చే తీరుకి ఒళ్లు జలదరించింది. ఇక బొంబాయి థీమ్ సంగతి చెప్పేదేముంది, మాటల్లేవు, ఐదు నిమిషాలు, వేణువూ వయొలిన్లూ. నవీన్ కుమార్ వేణువు. ఆ థీమ్‌ని తర్వాత దీపా మెహతా ఫైర్‌లో వాడారు, ఒక పాలస్తీనా దర్శకుడి సినిమాలో వాడారు, నికోలస్ కేజ్ లార్డ్ ఆఫ్ వార్‌లో కూడా ఉంది. భాష అక్కర్లేకుండా తిరిగొచ్చింది ప్రపంచం అంతా.

నాదో ప్రశ్న. మీరంతా తమిళం విని మాట్లాడుతున్నారా, తెలుగు విని మాట్లాడుతున్నారా? నాకు తమిళ పాటలు ఎప్పుడూ కొత్తగా ఉంటాయి, తెలుగువే అసలువి అనిపిస్తాయి.

వేటూరిపిచ్చి:
తమ్ముడూ, ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. రెహమాన్ గురించి తెలుగులో ఎంత రాసినా ఆ పాటలు తెలుగులోకి తెచ్చినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు. రోజా, జెంటిల్‌మన్, దొంగ దొంగ, ప్రేమికుడు, ఇవి రాజశ్రీ గారు. బొంబాయి, మెరుపు కలలు, ఇద్దరు, ఇవి వేటూరి గారు. ప్రేమదేశం, భారతీయుడు భువనచంద్ర గారు.

డబ్బింగ్ పాట రాయడం ఎంత కష్టమో చూడండి. ట్యూన్ మారదు, తెర మీద పెదాలు మారవు. అక్కడ పెదవి మూసుకుంటే ఇక్కడా పెదవి మూసుకునే అక్షరం పడాలి. ఆ ఇరుకులోనే రాజశ్రీ గారు "ఒట్టగత్తై కట్టిక్కో" అన్న చోట "కొంటెగాణ్ణి కట్టుకో" అన్నారు. అక్కడ ఒంటె, ఇక్కడ కొంటెగాడు! పాట మూడ్ పోలేదు, పెదాలు తప్పలేదు. తమిళంలో వీరపాండి కోట ఉన్నచోట "వీరబొబ్బిలి కోటలో" అన్నారు. రాజశ్రీ గారిది విజయనగరం. ఆ గడ్డ మీద పెరిగినవాడికి బొబ్బిలి తట్టడం సహజమే, కానీ తట్టిన ఆ మాటతో పాట మొత్తం మనదైపోయింది. వేటూరి గారు కూడా అంతే. తమిళంలో మానామదురై ఉంటే మెరుపు కలల్లో "మచిలీపట్నం మామిడి చిగురులో" అన్నారు. ఆయనది పెదకళ్లేపల్లి, కృష్ణా జిల్లా, మచిలీపట్నం సొంత ఊరి కిందే లెక్క.

రాజశ్రీ గారు 1994లోనే పోయారు. అంటే రెహమాన్ తెలుగువాళ్ల ఇళ్లల్లోకి వచ్చిన ఆ మొదటి రెండేళ్ల గొంతు ఆయనది. దళపతి తెలుగు పాటలూ ఆయనవే, రాజాభిమాని గారూ, ఇది మీకోసం చెప్తున్నా.

రాజాభిమాని:
వేటూరిపిచ్చి గారూ, ఈ మాటకి చెయ్యెత్తి దండం. "చిలకమ్మా చిటికెయ్యంట" డబ్బింగ్ పాట అంటే ఇప్పటికీ నమ్మనివాళ్లు ఉన్నారు మా ఊళ్లో.

ఫ్రిస్కోతెలుగు:
ఇక్కడ అమెరికాలో మా పిల్లలకి ఈ పాటలు పెడుతుంటాను. నా బాధ వేరే. స్ట్రీమింగ్ యాప్‌లో తెలుగు ఆల్బమ్ తెరిస్తే సంగీతం పేరు, గాయకుల పేర్లు ఉంటాయి, రాసినవాళ్ల పేరు చాలా పాటలకు ఉండదు. ఒకచోట ఏకంగా తమిళ రచయిత పేరు తెలుగు పాట మీద వేశారు. క్యాసెట్ కాలంలో కనీసం ఆ మడత కాగితం మీద సైడ్ ఎ, సైడ్ బి కింద "రచన" అని ఉండేది, మేము పాట వింటూ అది చదివేవాళ్లం. మా అమ్మాయికి రాజశ్రీ ఎవరో తెలియకపోవడం ఆమె తప్పు కాదు. పేరు వెయ్యనివాళ్లది.

సౌండుగది:
నేను చిన్న స్టూడియో నడుపుతాను, పెళ్లి వీడియోలకీ భక్తి పాటలకీ పని చేస్తుంటాం. ఒక సాంకేతిక విషయం. ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికే కొన్ని "రీమాస్టర్" వెర్షన్లు వినకండి దయచేసి. అన్ని శబ్దాల్నీ ఒకే ఎత్తుకి లాగేశారు. పాతరికార్డు గారు చెప్పిన ఖాళీ ఉంది చూశారూ, అది అందులో పోతుంది. "ఓ చెలియా నా ప్రియ సఖియా" పాత సీడీలో విని చూడండి. ఉన్నికృష్ణన్ గారు కచేరీ గాయకుడు, అది ఆయన మొదటి సినిమా పాటల్లో ఒకటి, తమిళ పాటకి నేషనల్ అవార్డు వచ్చింది. కేదారం రాగం. కచేరీలో గొంతు హాలు చివరి వరుసకి చేరాలి. ఈ పాటలో అలా పాడలేదు, మైక్ దగ్గరగా, ఊపిరి వినపడేంత మెల్లగా పాడారు, వెనక సంగీతం కూడా ఆ గొంతుకి అడ్డం రాకుండా పక్కకి జరిగి ఉంటుంది. ఆ ఊపిరి ఈ కొత్త వెర్షన్లలో గట్టిగా వినిపించి చికాకు పెడుతుంది, మిగతాది మెత్తగా ఉండాల్సింది మొద్దుగా ఉంటుంది. ఎవరి దగ్గరైనా ఒరిజినల్ సీడీలుంటే పారెయ్యకండి.

గోదారిగట్టు:
ఉన్నికృష్ణన్ గారి మాట వచ్చింది కాబట్టి, కొత్త గొంతుల గురించి విడిగా చెప్పుకోవాలి. హరిహరన్ గారు బొంబాయిలో గజల్స్ పాడుకునేవారు, తమిళంలోకి వచ్చింది రోజాతోనే. సుజాత గారు చిన్నప్పుడే పాడినా రోజా తర్వాతే మనందరికీ ఇంటి గొంతయ్యారు. సురేష్ పీటర్స్ రెహమాన్ బ్యాండ్ మేట్. "చికుబుకు రైలే" లో పిల్లాడి గొంతు రెహమాన్ మేనల్లుడు జి.వి. ప్రకాష్‌ది, ఇప్పుడు ఆయనే పెద్ద సంగీత దర్శకుడు. స్వర్ణలత గారు "ముక్కాలా" ఒక పక్క పాడి, అదే 1994లో కరుత్తమ్మలో ఏడుపు పాటకి నేషనల్ అవార్డు తెచ్చుకున్నారు. ఒకే మనిషి, ఒకే ఏడాది. ఆవిడ 2010లో పోయారు, అంత చిన్న వయసులో.

పాతవాళ్లని వదిలెయ్యలేదు కూడా. బాలు గారికి "నా చెలి రోజావే" ఇచ్చాడు, జానకి గారితో "కొంటెగాణ్ణి కట్టుకో" పాడించాడు. రంగీలాలో అరవై దాటిన ఆశా భోస్లే గారి చేత ఊర్మిళకి పాడిస్తే ఎవరైనా వయసు పోల్చుకోగలిగారా!

వయొలిన్‌వీధి:
ఇన్ని మంచి మాటల మధ్య ఒక చేదు మాట చెప్పక తప్పదు. మా పెదనాన్న మద్రాసు స్టూడియోల్లో వయొలిన్ వాయించేవారు. తొంభైల మొదట్లో రోజుకి రెండు కాల్షీట్లు, అంటే రెండు పూటల రికార్డింగ్ పని, ఉండేవి. ఆ దశాబ్దం చివరికి వారానికి ఒకటి దొరికితే గొప్ప. రెహమాన్ ఒక్కడి వల్ల అని నేను అనను, అలా అనడం అన్యాయం. ఆయన బొంబాయి థీమ్‌కి నిజమైన వయొలిన్లు పెట్టాడు, బడ్జెట్ ఉన్నచోట మనుషుల్నే పిలిచాడు. కానీ ఆయన్ని చూసి మిగతా వాళ్లు నేర్చుకున్నది ఏంటి? ఒక కీబోర్డు ఉంటే ముప్పై మంది అక్కర్లేదన్న పాఠం. ఆయన ఖాళీని నేర్చుకోలేదు, గొంతుల్ని వెతకడం నేర్చుకోలేదు, ఖర్చు తగ్గించుకోవడం మాత్రం నేర్చుకున్నారు. తొంభైల చివర తెలుగులో వచ్చిన కొన్ని సినిమాల పాటలు వింటే షెహనాయి కీబోర్డు, వయొలిన్ కీబోర్డు, తబలా కూడా కీబోర్డే. పెదనాన్న ఆ పాటలొస్తే రేడియో కట్టేసేవారు. బొంబాయి థీమ్ వస్తే మాత్రం కట్టేవారు కాదు.

తబలాతరంగం:
వయొలిన్‌వీధి గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను కూడా ఆ వీధుల్లో తిరిగినవాణ్ణి. ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకి పోయింది, సోలో వాయించేవాళ్లకి వచ్చింది, ఇదీ తేడా. నవీన్ వేణువు, శివమణి డ్రమ్స్, కీత్ పీటర్స్ బాస్ గిటార్, ఇలా ఒక్కో వాద్యకారుడి శైలి పాటలో గుర్తుపట్టేలా వినిపించడం అప్పుడే మొదలైంది. మా తరంలో సినిమా పాటకి బాస్ వాయించింది ఎవరని శ్రోత అడగడం నేను వినలేదు. కానీ ఇరవైమంది వయొలిన్ల వరుసలో కూర్చునేవాడికి ఆ పేరు ఎలా వస్తుంది? రాదు. ఇంటికి బియ్యం ఆ వరుసలోంచే వచ్చేది.

కీరవాణిరాగం:
తెలుగువైపు ఒక్క మాట మర్చిపోవద్దు. అదే కాలంలో ఇక్కడ కీరవాణి గారు ఉన్నారు. 1991లో క్షణక్షణం, 1997లో అన్నమయ్య, దానికి నేషనల్ అవార్డు. రెహమాన్ నేరుగా తెలుగుకి చేసినవి 1994లో సూపర్ పోలీస్, గ్యాంగ్‌మాస్టర్, పల్నాటి పౌరుషం. మూడూ ఒకే ఏడాది. అందులో పల్నాటి పౌరుషం భారతీరాజా తమిళ సినిమాకి రీమేక్. వీటిని డబ్బింగ్ ఆల్బమ్‌లంత గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. నా అభిప్రాయం, తెలుగులో రెహమాన్‌కి మణిరత్నం, శంకర్ లాంటి దర్శకుడు ఆ దశాబ్దంలో దొరకలేదు. ట్యూన్ కోసం నెలలు ఆగే ఓపిక మన నిర్మాతలకి ఉండేది కాదు. ఆయన పని పద్ధతికి టైమ్ కావాలి, ఇక్కడ రిలీజ్ డేట్ ముందు వేసేవాళ్లు.

విచిత్రం చూడండి, ఆయన మొదటి నేరు హిందీ సినిమా రంగీలా తీసింది మన రామ్ గోపాల్ వర్మే.

కోదాడకుర్రాడు:
కీరవాణిరాగం అన్నా, పల్నాటి పౌరుషం ఇప్పుడే పెట్టుకున్నా. పల్లెటూరి పాటలు రెహమాన్‌కి రావు అన్నవాళ్లకి తమిళంలో ఆ సినిమాతోనే సమాధానం చెప్పాడని మా సీనియర్ ఒకాయన అనేవారు. విన్నాక నిజమే అనిపిస్తోంది, డప్పు శబ్దం ఎంత బరువుగా ఉందో!

పాతరికార్డు:
చాలా మంచి విషయాలు వచ్చాయి. వయొలిన్‌వీధి గారి పోస్టు చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆయన చెప్పినదాంట్లో నా మొదటి పోస్టుకి జవాబు కూడా ఉంది. శబ్దం కొత్తది కాబట్టి అందరూ శబ్దాన్ని కాపీ కొట్టారు. పాట నిలబడింది వేరే దాని మీద.

నేనిప్పుడు ఇద్దరు దగ్గర ఉన్నాను, 1997. ఇందులో ఇంకో సంగతి. సినిమా కథ జరిగేది దశాబ్దాల వెనక, అందుకని "శశివదనే" లో మృదంగం, ఆ పాత పద్ధతి యుగళగీతం, గంభీరనాట రాగం ఛాయ. ఉన్నికృష్ణన్, బాంబే జయశ్రీ. పక్క పాటలో జాజ్ బ్యాండ్. ఐదేళ్ల కింద కంప్యూటర్ అని పేరు పడ్డవాడు ఈ ఆల్బమ్‌లో మొత్తం పాత మద్రాసు హాలు వాసన తెచ్చాడు. వేటూరి గారి మాటలు కూడా ఆ కాలానికి తగ్గట్టే సంస్కృతంలో తేలుతాయి. నాకైతే ఆ దశాబ్దం మొత్తంలో ఇదే అగ్రస్థానం. సినిమా సరిగా ఆడక ఈ పాటలు జనంలోకి పూర్తిగా వెళ్లలేదు, అదొక్కటే బాధ.

వేటూరిపిచ్చి:
ఇద్దరు పేరెత్తారు కాబట్టి ఈ రాత్రికి నాకు నిద్ర లేదు. పాతరికార్డు గారూ, అది అయ్యాక మెరుపు కలలు మళ్లీ ఒకసారి వెనక్కెళ్లి వినండి, రెండూ ఒకే నెలలో వచ్చాయి, 1997 జనవరి. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. "వెన్నెలవే వెన్నెలవే" లో హరిహరన్, సాధనా సర్గమ్. "అపరంజి మదనుడే" లో చర్చి గంభీరం. మెరుపు కలల తమిళ వెర్షన్‌కి సంగీతం, బాలు గారు, చిత్ర గారు ముగ్గురికీ నేషనల్ అవార్డులు.

ఫ్రిస్కోతెలుగు గారికి ఒక ప్రతిపాదన. రచయితల పేర్లు యాప్ వాళ్లు వెయ్యకపోతే మనమే ఇక్కడ పోగుచేద్దాం. ఎవరి దగ్గర పాత క్యాసెట్ కాగితాలున్నాయో వాటి ఫోటోలు తీసి ఇందులో పెట్టండి, సినిమా పేరు, పాట, రచన, గాయకులు. నా దగ్గర బొంబాయి, ప్రేమికుడు ఉన్నాయి, రేపు సాయంత్రం పెడతాను.

సౌండుగది:
నా దగ్గర దొంగ దొంగ క్యాసెట్ ఉంది, కాగితం కొంచెం చిరిగింది గానీ పేర్లు కనపడతాయి. జెంటిల్‌మన్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఫ్రిస్కోతెలుగు:
జెంటిల్‌మన్ మా అన్నయ్య దగ్గర గుంటూరులో ఉంది. ఫోన్ చేసి ఫోటో తెప్పిస్తాను. వేటూరిపిచ్చి గారూ, మీరు బొంబాయి పెట్టేటప్పుడు వెనక వైపు కూడా తియ్యండి, అందులో వాద్యకారుల పేర్లు ఏమైనా ఉంటే వయొలిన్‌వీధి గారు గుర్తుపట్టగలరేమో.